కుడి పెడల్

నాకు కుదురుగా కూర్చోవడం రాదు. చిన్నప్పుడు కారేపల్లిలో అన్నం పళ్లెం ముందు కూడా ఒక మోకాలు ఊగుతూనే ఉండేది. "వీని కాళ్ల కింద నిప్పులు పోసిన్రా ఏంది?" అని మా అమ్మ అరిచేది. ఇప్పుడు ఖమ్మం పక్కన ఖానాపురం హవేలిలో సొంత ఇల్లు ఉంది, పడక కుర్చీ ఉంది. ఆ కుర్చీలో పడుకునేది మాత్రం వీధి పిల్లి. ఎవరింటికైనా వెళ్తే గేటు తీసుకుని నేరుగా లోపలికి పోను. ముందు గేటు మడత బందు మీద వేలితో రాస్తాను. వేలికి ఎర్రపొడి అంటిందంటే ఇక వాళ్లింట్లో చాయ్ గొంతు దిగదు. "చుట్టాలను చూడ వచ్చినవా, తుప్పును చూడ వచ్చినవా?" అని మా ఆవిడ నలుగురి ముందూ అంటుంది. అననీ. తుప్పు పట్టిన బందుకు మర్యాదేమిటి?

హెలికాప్టర్ల దగ్గర పనిచేసి ఈ చాదస్తం పట్టుకుందని అందరూ అనుకుంటారు. నాకైతే ఈ చాదస్తం ఉండబట్టే ఆ ఉద్యోగం నిలిచిందనిపిస్తుంది. ఐటీఐలో ఫిట్టరు పని నేర్చుకుని, పత్తి చేల మీద పురుగుమందు చల్లే హెలికాప్టర్ల కంపెనీలో చేరాను. ఆ మందు పురుగునే కాదు, ఇనుమునూ తింటుంది. అల్యూమినియాన్నీ వదలదు. సాయంత్రం మిషను దిగగానే మంచినీళ్లతో కడగాలి, ఆరబెట్టాలి, కీలు కీలుకూ గ్రీజు పెట్టాలి, ఉక్కు తీగల మీద నూనె గుడ్డ పట్టి లాగాలి. తీగలో ఒక్క పోగు తెగినా ఆ గుడ్డకు తగులుకుంటుంది. కంటికి కనబడని పోగు గుడ్డకు దొరుకుతుంది. తోటివాళ్లు కడిగామనిపించి చాయ్‌కి పోయేవాళ్లు. నేను మాత్రం కాలుగాలిన పిల్లిలా మిషను చుట్టూ తిరిగేవాణ్ణి. అలా తిరగడానికి జీతమిచ్చే చోటు లోకంలో అదొక్కటే దొరికింది నాకు.

మా మిషను చిన్నది. ముందు గాజు బుడగ, అందులో పైలటుతో కలిపి ముగ్గురు పట్టే ఒక్క బెంచీ. వెనక ఇంజను. దాని వెనక ఇనుప గొట్టాలతో అల్లిన పొడవాటి తోక, దానికి రేకు కప్పు కూడా ఉండదు, లోపలి తీగలన్నీ బయటికే కనబడతాయి. ఆ తోక చివర చిన్న ఫ్యాను. పైన పెద్ద రెక్కలు తిరుగుతుంటే కింద మిషను బొంగరమై తిరగకుండా ఆపేది ఆ చిన్న ఫ్యానే. పైలటు పాదాల దగ్గర రెండు పెడల్స్ ఉంటాయి. ఎడమది తొక్కితే ముక్కు ఎడమకు, కుడిది తొక్కితే కుడికి. పెడల్ నుంచి తోక దాకా ఉక్కు తీగలు పుల్లీల మీదుగా పోతాయి. ఇక్కడ తొక్కితే అక్కడ కదలాలి. వినడానికి ఇంతే. ఈ ఇంత సరిగా ఉందా లేదా అని ఎగిరే ప్రతిసారీ చూడాలి. పైలటు లోపల కూర్చుని పెడల్స్ రెండు వైపులా చివరి దాకా తొక్కుతాడు, నేను తోక దగ్గర నిలబడి, ఆగి ఉన్న ఫ్యాను రెక్కలు ఉన్న చోటే వాలు మార్చుకుంటూ చివరి దాకా తిరిగాయో లేదో చూసి చెయ్యి ఊపుతాను. ఆ తరవాతే తీగలను చేత్తో తడుముతూ ముందు దాకా వస్తాను. నా పద్ధతి అది.

గోదావరికి పెద్ద వరద వచ్చిన ఏడు, అది ఎనభైల్లో, మందు పీపాలు విప్పేసి మమ్మల్ని ఇటు పంపించారు. భద్రాచలం చుట్టుపక్కల ఏది ఊరో ఏది ఏరో తెలియని పరిస్థితి. మణుగూరులో గనివాళ్ల కాలనీ ఒకటి ఎత్తు మీద ఉంటే, అక్కడి ఆటస్థలంలో మిషను దించాం. పైలటు ఉత్తరాది మనిషి, మిలటరీలో చేసి వచ్చినవాడు. ఆయన హిందీలో మాట్లాడితే నేను ఖమ్మం ఉర్దూలో జవాబు చెప్పేవాణ్ణి. నన్ను ఉస్తాద్ అని పిలిచేవాడు. అంతకు ముందు మా కంపెనీలో నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు కూడా తక్కువే, నస మనిషి అనేవాళ్లు.

వాన ఆగదు. తడి నా శత్రువు. దానికి తోడు జనం. ఆటస్థలం చుట్టూ తాడు కట్టి హోంగార్డులను పెట్టారు గానీ, భక్తికి తాడు అడ్డమా? మొదటి రోజే కాలనీ ఆడవాళ్లు వచ్చి మిషను నిలబడే కింది గొట్టాలకు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, వాటి మీదే కొబ్బరికాయ కొట్టారు. ఒకాయన నాలుగు పక్కలా నిమ్మకాయలు పెట్టాడు, లారీకి పెట్టినట్టు. పుష్పక విమానమని అనని మనిషి లేడు. అడవి వైపు కోయ పల్లెల నుంచి వచ్చినవాళ్లు నయం, దూరంగా చెట్ల కింద నిలబడి వాళ్ల మాటలో ఏదో అనుకుని వెళ్లిపోయేవాళ్లు. మనవాళ్లే చెయ్యి వెయ్యకుండా ఉండలేరు. కొబ్బరినీళ్లు, నిమ్మరసం, తడి పసుపు, ఇవన్నీ లోహానికి విషమని మొత్తుకుంటే, "దేవుని పనికి తుప్పు పడ్తదా సారూ?" అని నన్నే అడిగారు. పడుతుందమ్మా, దేవుడి గుడి గంటకు కూడా చిలుము పడుతుంది అన్నాను. ముఖం చిట్లించుకుని వెళ్లారు. నేను బకెట్టు తెచ్చి కడిగాను.

పగలంతా పైలటు పులిహోర పొట్లాలు విసిరి వచ్చేవాడు. రెండో రోజు సాయంత్రం దిగి, తల తుడుచుకుంటూ ఒక ఊరి గురించి చెప్పాడు. గోదావరి అవతల, పక్కన వాగు, ఊరంతా నీళ్లలో ఉంది, బడి మేడ మీద జనం ఉన్నారు అన్నాడు. మా అక్కను ఇచ్చిన ఊరు అదే. వాళ్ల అత్తింటివాళ్లు కోస్తా నుంచి వచ్చి, ఏటి ఒడ్డున మిరప, పొగాకు వేసుకుని స్థిరపడ్డ రైతులు.

"ఆ మేడ మీద ఒకావిడ ఉంది ఉస్తాద్. మిగతా ఊళ్లలో పొట్లం పడితే జనం ఒకరి మీద ఒకరు పడతారు. అక్కడ మాత్రం ఆవిడ అందరినీ వరసగా కూర్చోబెట్టి, తానే ఏరి పంచుతోంది. ఎవరినీ లేవనియ్యడం లేదు," అన్నాడు పైలటు.

ఇక అడగనక్కరలేదు. అది మా అక్కే. నాకంటే పదేళ్లు పెద్దది. అమ్మ పొలం పోతే నన్ను చంకలో వేసుకుని పెంచింది. నేను గోడలెక్కుతుంటే కింద నిలబడి, అరవకుండా, "ఎడమ కాలు కిందికి పెట్టు. ఇంకొంచెం. ఆఁ," అని దింపేది. ఒక్క కడుపున పుట్టినవాళ్లం, కుదురంతా దానికే పోయింది. దానికి ఏమైనా అయితే ఎలా అన్న ఆలోచన తోసుకొచ్చేసరికి నాకు నిలబడ్డ చోట నిలవబుద్ధి కాలేదు. చేతిలో స్పానరు ఉంది, దేన్ని బిగించాలో తెలియలేదు.

ఏ ఊరు ముందో ఏ ఊరు వెనకో ఒక రెవెన్యూ ఆఫీసరు నిర్ణయించేవాడు. చీకటి పడుతోంది, అక్క వాళ్ల ఊరు రేపు పొద్దున మొదటిది అన్నాడు. పొట్లాలు వెయ్యడం కాదు, మనుషులను తేవాలి, నీళ్లు ఇంకా ఎక్కుతున్నాయి. మేడ మీద మనుషులను ఎక్కించడానికి, తోక ఫ్యాను వైపు ఎవరూ రాకుండా ఆపడానికి ఒక మనిషి కావాలని పైలటు అన్నాడు. నేను పోతానన్నాను. పోయేటప్పుడు నన్ను మేడ మీద దించేసి, అందరూ వచ్చాక చివర నన్ను తెస్తే సరి. ఆయన సరేనన్నాడు. ఆ మాటతో కాస్త ఊపిరి ఆడింది.

అప్పుడే మా అమ్మ వచ్చింది. కారేపల్లిలో కబురు విని, దొరికినంత దూరం రైలు, ఆ తరవాత బొగ్గు లారీ పట్టుకుని, నడుము దాకా తడిసి వచ్చింది. వస్తూనే మిషను వంక చూసింది.

"ఏంది కొడకా, గింత చిన్నగున్నది? గిది మోస్తదా?"

"మోస్తదమ్మా. అక్కను పైలటు సారు చూసిండు. మేడ మీద బానే ఉన్నది. అందరినీ కూసోబెట్టి పొట్లాలు పంచుతున్నదట. బావ పశువులను తోలుకొని అడవిల గుట్ట మీద ఉన్నడని పడవలోళ్లు చెప్పిన్రు, గాయన కూడా పైలమే."

అమ్మ కళ్లు మూసుకుని రాముడికి దండం పెట్టుకుంది. "గట్లనా. కూసున్నదా. గయితే మంచిదే," అంది.

"రేపు పొద్దుగాల నేను కూడా పోతున్న. నేనే ఎక్కించుకొస్త."

అమ్మ దండం పెట్టిన చేతులు అట్లాగే ఉన్నాయి. "నువ్వెందుకు? నడిపేటాయన లేడా?"

"మనిషి కావాలె అక్కడ."

"నీకు కాలు నిలువదు కదరా," అంది. నేను నవ్వేసి డీజిలు దీపం తేవడానికి వెళ్లాను. తరవాత తెలిసింది, ఆ కాసేపట్లో ఆమె తాడు దగ్గర హోంగార్డును, ఒక్కసారి మొక్కుకుంటానని అడిగింది. మెకానిక్కు సారు తల్లి కదా అని వాడు తాడు ఎత్తి లోపలికి పంపాడు. పిడికెడు పసుపు అంటించి వస్తుందనుకున్నాడు పాపం.

తెల్లవారింది. వాన కొంచెం తెరపిచ్చింది. అవతల ఊళ్లలో జనం ఎట్లా ఉన్నారో అన్న ఆత్రంతో ఆటస్థలం నిండిపోయింది. పైలటు ఎక్కి కూర్చున్నాడు. నేను తోక దగ్గర నిలబడ్డాను. ఎడమ పెడల్ తొక్కాడు. రెక్కలు చివరి దాకా తిరిగాయి. కుడిది తొక్కాడు. తిరిగాయి, తిరిగాయి, చివరికి రాకముందే ఆగిపోయాయి.

మళ్లీ తొక్కమని చెయ్యి చూపించాను. మళ్లీ అక్కడే ఆగాయి. గాజు బుడగలోంచి పైలటు తల తిప్పి నన్ను చూశాడు. "అటక్ రహా హై, ఉస్తాద్!" అన్నాడు, ఎక్కడో తట్టుకుంటోందని.

రెండు చేతులూ అడ్డంగా ఊపాను. దిగిపొమ్మని దాని అర్థం. రెవెన్యూ ఆఫీసరు గొడుగుతో పరుగెత్తుకొచ్చాడు. ఎంత తక్కువ పడుతోందని అడిగాడు. ఇంత అని వేళ్లతో చూపిస్తే, "ఇంతేనా! ఇంత దానికి ఆపుతారా? అవతల మనుషులు పోతున్నారు. ఆలస్యం అమృతం విషం!" అన్నాడు. నిదానమే ప్రధానం అని నేనన్నాను. మన సామెతలతో ఇదే చిక్కు, ఎవరికి కావలసింది వాళ్లకు దొరుకుతుంది. ఆయన నా వంక అదోలా చూసి, "మీ అక్క కూడా అక్కడే ఉందట కదా?" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఉంది కాబట్టే సారూ, ఆమె మీదికి తిరిగే బొంగరాన్ని పంపను అన్నాను. గాలి అటునుంచి కొట్టినప్పుడు, మేడ మీద దిగే చోట, ఆ వేళ్ల మందం తేడా చాలు.

తోక చివర నుంచి తీగను పట్టుకుని తడుముతూ ముందుకు వచ్చాను. ఒక పుల్లీ, ఇంకో పుల్లీ. చేతులు ఆగకుండా పోతున్నాయి, మనసు వాటికంటే ముందు పోతోంది. ఇంజను వెనక, కింది పుల్లీ దగ్గర, బయటి నుంచి కనబడని మూలలో వేళ్లకు మెత్తగా ఏదో తగిలింది. వంగి టార్చి వేశాను. పసుపు గుడ్డ. వక్క కంటే కొంచెం పెద్ద మూట, తీగ చుట్టూ మూడు ముళ్లు బిగించి ఉంది. కుడి పెడల్ తొక్కినప్పుడల్లా ఆ ముడి వచ్చి పుల్లీకి కొట్టుకుంటోంది. పసుపు కింద గుడ్డకు నీలం చారలు కనబడుతున్నాయి.

ముడుపు! మన ఇళ్లల్లో పుట్టినవాడికి దాన్ని చూస్తే చెప్పనక్కరలేదు. కోరిక కోరుకుని, నాణెం, నాలుగు అక్షింతలు గుడ్డలో కడతారు. కోరిక తీరాక తీసుకెళ్లి హుండీలో వేస్తారు. ఈ లోపల ఇంకొకరి కంటబడకూడదు, తీరక ముందు ముడి విప్పకూడదు. ఇంట్లో అయితే దేవుడి మూల కడతారు, గుళ్లో అయితే కొమ్మకో తాడుకో. మిషను నిండా గొట్టాలు ఉంటే మా అమ్మ తాడు లాంటిది వెతికి, ఆ తీగను పట్టుకుంది. ఎవరూ చూడని చోటు చూసి మరీ కట్టింది. మెకానిక్కు తల్లి కదా, మూలలు బాగా తెలుసు.

తీగలు కోసే కత్తెర తీశాను. వెనక నుంచి అమ్మ గొంతు వినబడింది. తాడు కింద నుంచి దూరి వస్తోంది, హోంగార్డు ఆమె వెంటే వస్తున్నాడు.

"కొయ్యకు కొడకా! నీ కాళ్లు మొక్కుత, కొయ్యకు! మొక్కు తీరందాక ఇప్పొద్దది!"

"అమ్మా, ఇది ఉంటే మిషను లేవదు. మిషను లేవకపోతే అక్క రాదు."

"ఆ పక్కకు జరిపి కట్టు."

"ఏ పక్కకూ కట్టేది లేదు! ఎవలు కట్టమన్నరు నిన్ను? నువ్వెందుకొచ్చినవసలు?" అని అరిచాను. అంతమంది ముందు. ఆమె తడిసి ముద్దయి, పసుపు చేతులతో నిలబడి ఉంది. నాకు ఏడుపు వచ్చింది, దాన్ని కూడా కోపంగానే బయటికి తెచ్చాను. నేను నాస్తికుణ్ణేం కాదు. చిన్నప్పుడు నాకు జ్వరం తిరగబెడితే ఇట్లాంటి ముడుపే కట్టి, నడుచుకుంటూ భద్రాద్రి పోయి వేసి వచ్చింది. ఆ గుడ్డ దాకా పెట్టిన కత్తెరను వెనక్కి తీశాను. అక్క అవతల, ముడి ఇవతల. కోస్తే ఏమవుతుందో అని నాకూ భయమే. ఈ మాట పైలటుకు ఏ భాషలో చెప్పాలి?

అమ్మ నా చేతిలో కత్తెర తీసుకుని నేల మీద పడేసింది. "జరుగు. కట్టినోళ్లే ఇప్పాలె," అంది.

బురదలో మోకాళ్ల మీద కూర్చుని, తలను ఆ గొట్టాల మధ్యకు పెట్టింది. తడి ముడి బిగిసిపోయింది, గోళ్లకు రాలేదు. పళ్లతో పట్టి లాగింది. ఒక్కో ముడీ అలాగే తీసింది. గ్రీజు ఆమె పెదాలకు, ముక్కుకు అంటుకుంది. లేచి మూటను నాకు చూపించింది. మూట నోరు ఇంకా గట్టిగా కట్టే ఉంది, తీగకు చుట్టిన కొసలే విప్పింది.

"మూట ఇప్పలే. జాగ మార్చిన, గంతే," అని కుడి పిడికిట్లో పెట్టుకుని మూసింది. "కింద పెట్టను. నువ్వు చూసుకో నీ పని."

"ఇంకెక్కడన్న కట్టినవా?"

"నీ మీద ఒట్టు, కట్టలే."

నేను ఆ ఒట్టును నమ్మలేదు. మిషను మొత్తం మళ్లీ వెతికాను. ఒకటి దొరికితే రెండోది ఉందనుకునే వెతకాలి, అది మా పనిలో నియమం. పైలటు సీటు కింద, పెడల్స్ వెనక, పైకి పోయే కడ్డీల కీళ్లన్నీ చూశాను. జనం తిడుతున్నారు. ఆఫీసరు గడియారం చూసుకుంటున్నాడు. పుల్లీ దగ్గర తీగ పచ్చగా ఉంది, అది పసుపో తుప్పు మొదలో తెలియడం లేదు. తుప్పు తీసే నూనె గుడ్డతో రుద్దాను. చాలావరకు పసుపే, అడుగున ఒక చోట నిజంగానే ఎర్ర జీర. అది కూడా వేలికి అంటనంత వరకు రుద్ది, పోగులు తెగాయేమోనని గుడ్డ పట్టి లాగి చూసి, నూనె రాశాను. పైలటు మళ్లీ తొక్కాడు. ఎడమ, కుడి. రెక్కలు చివరి దాకా పోయాయి. ఇంకోసారి తొక్కమన్నాను. పోయాయి.

నేను ఎక్కబోతే పైలటు చెయ్యి అడ్డం పెట్టాడు. "నువ్వు కిందే ఉండు ఉస్తాద్."

"సాబ్, మా అక్క..."

"నేను దిగిన ప్రతిసారీ దీన్ని చూసేవాడు ఇక్కడ కావాలి. ఈ రోజు చూశావుగా. దీని దగ్గరికి ఎవరినీ రానివ్వకు. అక్కడి సంగతి మీ అక్క చూసుకుంటుంది, నేను పైనుంచి చూశాను ఆమెను."

తలుపు వేసి వెనక్కి జరిగాను. మిషను లేచి చెట్ల మీదుగా పోయింది. మెకానిక్కు బతుకు అంటే అదే, బాగు చేసిన దాన్ని వేరొకడు తీసుకుపోతే నేల మీద నిలబడి చప్పుడు వినడం. ఎప్పుడూ కష్టమే నాకది, ఆ రోజు మాత్రం నరకం చూశాను. ఆటస్థలం ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగాను. అమ్మ తాడు దగ్గర నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు. ఎవరో పులిహోర పొట్లం ఇచ్చారు. కుడి చెయ్యి మూసుకుని ఉంది, ఎట్లా తింటుంది? ఎడమ చేత్తో పట్టుకుని అట్లాగే ఉండిపోయింది.

మొదటి విడతలో అక్క అత్తగారు, అక్క కూతురు వచ్చారు. పిల్ల చెప్పులు లేకుండా దిగి, అమ్మమ్మను చూసి, "మా అమ్మ లాస్టుకొస్తనన్నది," అంది. నాకు అక్క మీద పట్టరాని కోపం వచ్చింది. ఎవరు అడిగారు ఆమెను అందరికీ పెద్దరికం చెయ్యమని? పైలటు నవ్వి, "ఇద్దరిద్దరిని జట్టు కట్టి కూర్చోబెట్టింది. నేను దిగగానే తలలు వంచి ముందు నుంచే వస్తున్నారు, తోక వైపు ఒక్కరు రాలేదు. నువ్వు వెళ్లినా ఇంత బాగా చెయ్యలేవు ఉస్తాద్," అన్నాడు. ఆ మాట నిజమని తెలిసి ఇంకా మండింది.

అలా ముసలివాళ్లు, బాలింతలు, పిల్లలు వస్తూనే ఉన్నారు. పెట్రోలు పోయడానికి ఇంజను ఆపినప్పుడల్లా నేను పెడల్స్ తొక్కించి చూశాను. మధ్యాహ్నానికి అడవి మీద మబ్బు దిగింది. ఇంకొక్కసారే వెళ్లగలనన్నాడు పైలటు. మేడ మీద ఇంకా కొందరున్నారు, వాళ్ల కోసం ఒక పడవ బయల్దేరింది గానీ వాగు పోటుకు అది చేరేది ఎప్పుడో తెలియదు. ఆఫీసరు, "ఇందాకే చూశావు కదయ్యా, పోనియ్యి!" అని అరిచాడు. నేను తోక దగ్గర నిలబడే ఉన్నాను. అమ్మ కూడా జల్దీ చెయ్యమని అరుస్తుందనుకున్నాను.

"సక్కగ చూడు కొడకా," అంది అమ్మ తాడు అవతల నుంచి. "మెల్లగ చూడు."

చూశాను. ఎడమ. కుడి. చెయ్యి ఊపాను.

మిషను పోయాక వాన దంచి కొట్టింది. రెక్కల చప్పుడు ఏదో, వాన చప్పుడు ఏదో తెలియలేదు. రావలసిన వేళ దాటిపోయింది. పొద్దున చూసిన ఎర్ర జీర కళ్ల ముందుకు వచ్చింది. నేను వేలితో చూసింది సరిగానే చూశానా? గుడ్డకు తగలని పోగు ఏదైనా ఉండిపోయిందా? ఆకాశం వంక చూస్తూ గొణుక్కుంటుంటే నా పక్కన అమ్మ కూడా గొణుక్కుంటోంది. ఆమెది రామనామం, నాది పుల్లీల వరస.

వచ్చింది. చెట్ల పైన, చాలా కిందుగా, ముక్కు గాలికి తిప్పుకుని వచ్చింది. దిగింది. అక్క ముందు ఒక ముసలాయనను దింపింది. తరవాత తాను దిగి, తల వంచి, గాజు బుడగ ముందు నుంచి చుట్టి వచ్చింది, రోజూ ఎక్కి దిగే మనిషిలాగా. మిగిలిన వాళ్లను పొద్దు వాలకముందే పడవ చేరిందని ఆ తరవాత కబురొచ్చింది.

నేను అక్కను పట్టుకుని, ఏమిటీ ఆలస్యం అని తిట్టాను. "నువ్వింకా గట్లనే ఉన్నవారా," అని నా చెంప తుడిచి, అమ్మ దగ్గరికి పోయింది. అమ్మ ఎడమ చేత్తోనే దాన్ని తడుముతోంది. కుడి పిడికిలి తెరుచుకోలేదు. పొద్దుటి నుంచి మూసి మూసి వేళ్లు కొంకర్లు పోయాయి. అక్క ఆమెను కూర్చోబెట్టి, ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని, ఒక్కో వేలూ నిమురుతూ తీసింది. లోపల మూట నాని ఉబ్బి ఉంది. అరచేతి గీతల్లో పసుపు దిగిపోయింది.

నీళ్లు తీశాక, దారుల మీద బురద ఆరాక, ముగ్గురం భద్రాచలం పోయాం. ఒడ్డంతా ఇంకా ఒండ్రు వాసన. హుండీ దగ్గర అమ్మ కొంగు ముడి విప్పి మూట తీసింది. అక్క చెయ్యి చాపింది.

"ఇటియ్యి, నా ముడుపు నేనే ఏస్త."

"నీది కాదు," అంది అమ్మ.

అక్క నా వంక చూసింది. నేను మూట వంక చూశాను. పసుపు వెలిసిపోయి నీలం చారలు బయటపడ్డాయి. అది నా పాత చొక్కా గుడ్డ, ఆ సాయంత్రం నా సంచిలోంచి తీసి చింపిందన్నమాట.

"నువ్వు మేడ మీద కూసున్నవని ఆ పైలటు సారు చూసిండంటే నా పానం నిమ్మళమైంది. నువ్వు కూసుంటే కూసుంటవు. నీకేం కాదని ఎరుకైంది నాకు," అంది అమ్మ అక్కతో. "వీడు పొద్దుగాల ఎక్కుతనన్నడు. వీనికి కాలు నిలువదు. ఒక బిడ్డ నీళ్ల మీదుంటే ఇంకో బిడ్డ గాలి మీద పోతనంటే నేనేం కావాలె? వీడు భూమ్మీదనే ఉండాలె రామయ్యా అని కట్టిన."

అక్క పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ ముడి అక్కడ లేకపోతే పైలటు నన్ను ఆపేవాడు కాదు, నేను ఆ మేడ మీద ఉండేవాణ్ణి. అరిచిన అరుపు గుర్తొచ్చింది, బురదలో ఆమె మోకాళ్లు గుర్తొచ్చాయి. పక్కకు తిరిగి, అలవాటు కొద్దీ, హుండీ ఇనుప కమ్మీ మీద వేలు పెట్టబోయాను.

"ఇటు రా," అంది అమ్మ. "ఇది ఏసేదాకన్న నా పక్కన కదలకుంట నిలబడు."

పోయి నిలబడ్డాను. మోకాలు ఊగబోతే అమ్మ ఎడమ చేత్తో నా చెయ్యి పట్టుకుంది. ముడుపు హుండీలో పడి చప్పుడు చేసే దాకా నేను కదలలేదు.